మూగజీవుల పక్షమున

కొల్లేటి పరిసర గ్రామముల నుండి ఏలూరునకును, తాడేపల్లిగూడెమునందలి ధాన్యపు మిల్లులకును ఒకప్పుడు ఎడ్లబండ్లు బారులు తీరి పోవుచుండెడివి. బరువు మించిన బండిని గట్టుపైకి లాగలేక ఎద్దు మోకాళ్లపై కూలినచో, దానికి ములుగఱ్ఱ పోటే దక్కెడిది. ఆ ఎద్దు తన బాధను ఎవరితో చెప్పుకొనగలదు? అట్టి మూగజీవుల పక్షమున పార్లమెంటులో నిలిచి మాట్లాడిన మహనీయురాలు శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్.

ఆమె 1904 ఫిబ్రవరి 29వ తేదీన మధురలో జన్మించెను. తండ్రి నీలకంఠశాస్త్రి ఇంజనీరు; దివ్యజ్ఞాన సమాజమునందు అభిమానము గలవాడు. ఆయన ఉద్యోగము విరమించిన పిమ్మట కుటుంబము మద్రాసునందలి అడయారు చేరెను. 1920లో రుక్మిణీదేవి జార్జి అరండేల్ అను ఆంగ్లేయుని వివాహమాడెను. ఆచారపరులు తీవ్రముగా ఆక్షేపించిరి. ఆమె వెనుదీయలేదు. గౌరవ కుటుంబముల స్త్రీలకు నాట్యము తగదని లోకము తలంచుచున్న దినములలో, 1935లో ఆమె సభయెదుట భరతనాట్యమును ప్రదర్శించెను. 1936లో కళాక్షేత్రమును స్థాపించెను. లోకము త్రోసివేసిన దానిని చేరదీయుట ఆమె స్వభావము.

1952లో రాష్ట్రపతి ఆమెను రాజ్యసభ సభ్యురాలిగా నియమించెను. ఆమె కళలను గూర్చియే మాట్లాడునని పలువురు తలంచి యుందురు. కాని ఆమె దృష్టి మూగజీవులపై నిలిచెను. అప్పటికి దేశమున 1890 నాటి చట్టమొకటి గలదు. దాని పరిధి పురపాలక సంఘములు గల పట్టణములకే పరిమితము. అనగా ఏలూరు వీధిలో ఎద్దును హింసించినచో చట్టము అడ్డుపడవచ్చును. కొల్లేటి గట్టుపై హింసించినచో అడుగువారు లేరు. ఈ లోపమును తొలగింపదలచి ఆమె 1953లో స్వయముగా ఒక బిల్లును ప్రవేశపెట్టెను.

1954లో బిల్లు చర్చకు వచ్చినపుడు ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దాని ఆశయమును మెచ్చుకొనెను. కాని ప్రభుత్వమే సమగ్రమైన బిల్లును తెచ్చునని చెప్పి, దానిని ఉపసంహరించుకొనుమని కోరెను. ఆమెకు అది కఠిన పరీక్ష. పట్టుపట్టినచో బిల్లు ఓడిపోవచ్చును. విడిచినచో విషయమే మరుగున పడవచ్చును. ఆమె ఆ మాటను నమ్మి బిల్లును ఉపసంహరించుకొనెను. పిదప విచారణ సంఘము ఏర్పడెను. సంవత్సరములు గడచెను. తుదకు 1960 డిసెంబరులో జంతుహింస నివారణ చట్టము వెలువడెను.

పశువుపై శక్తికి మించిన బరువు మోపుట, పెంచిన ప్రాణిని ఆకలిదప్పులకు విడిచి పోవుట, వినోదమునకై జంతువులను పోట్లాటకు ఉసికొల్పుట ఈ చట్టమున నేరములైనవి. పల్లెకును పట్టణమునకును భేదము లేదు. సంక్రాంతికి గోదావరి మండలమున సాగు కోడిపందెములకును ఈ చట్టమే అడ్డు. అయినను మొదటి తప్పునకు జుల్మానా 50 రూపాయలకు మించకుండుట దీనిలోని లోపమని పెద్దలు అనేక సంవత్సరములు విచారించిరి.

ఈ చట్టము ననుసరించి 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడగా రుక్మిణీదేవియే దానికి ప్రథమాధ్యక్షురాలయ్యెను. 1977లో మొరార్జీ దేశాయి ఆమెను రాష్ట్రపతి పదవికి నిలుపదలచెను. ఆమె అంగీకరింపలేదు. 1986 ఫిబ్రవరి 24వ తేదీన ఆమె కన్నుమూసెను.

చట్టము చేయుట ఒకరి పని. దానిని బ్రదికించుట అందరి పని. విద్యార్థులారా! వర్షములో తడిసి మీ వీధి అరుగు క్రింద వణకుచున్న కుక్కపిల్లకు ఓటు లేదు, నోరు లేదు. వెలబెట్టి జాతికుక్కను కొనుటకంటె, అట్టి దిక్కులేని దానిని పెద్దల అనుమతితో ఇంటికి దెచ్చి, టీకా వేయించి, తుదివరకు విడువక పెంచుట మిన్న. రుక్మిణీదేవి తలపెట్టిన కార్యము అపుడే మీ గుమ్మమున కొనసాగును.