రుజువు దగ్గర ఆగిపోని గోరా

మాది బూర్గంపాడు. సారపాక దగ్గర గోదావరి వంతెన దాటితే భద్రాచలం. మా వైపు దేవుడున్నాడా అని ఎవరూ అడగరు. నవమికి ఎప్పుడు బయల్దేరుతున్నారనే అడుగుతారు. ఇంజనీరింగ్‌లో చేరాక మాత్రం ఎక్కడ చూసినా ఇదే వాదన. ఉన్నాడని రుజువు చూపించమని ఒకరు, లేడని నువ్వే చూపించమని ఇంకొకరు.

ఈ వాదన పాతదే. ఉన్నాడనీ, లేడనీ, రెండూ ఒట్టి తర్కంతో నిరూపించలేమని 1781లోనే జర్మన్ తత్వవేత్త కాంట్ రాశాడు. మరి అక్కడితో అయిపోయినట్టేనా? కాదని నాకు అనిపించింది గోరా గారి జీవితం చదివాకే.

గోరా అంటే గోపరాజు రామచంద్రరావు. 1902 నవంబరు 15న ఛత్రపురంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివి లెక్చరర్ అయ్యారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి జంధ్యం తీసేశారు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. ఆయన భార్య సరస్వతి గారు కడుపుతో ఉండి గ్రహణం చూశారు. బిడ్డకేమీ కాలేదు. దేవుణ్ణి పరీక్షించలేం గానీ, దేవుడి పేరు మీద నడిచే భయాల్ని పరీక్షించొచ్చని ఆ ఇంట్లో చేసి చూపించారు.

1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. ఊళ్ళో అన్ని కులాలవాళ్ళనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. 1944లో సేవాగ్రాం వెళ్ళి గాంధీతో మాట్లాడారు. ఆయన్ని ఈయన నాస్తికుణ్ణి చెయ్యలేదు, ఈయన్ని ఆయన భక్తుణ్ణి చెయ్యలేదు. అయినా అంటరానితనం పోవాలన్న దగ్గర ఇద్దరూ కలిశారు. గోరా తన పెద్దకూతుర్ని దళిత యువకుడికిచ్చి చేస్తానంటే గాంధీ సంతోషంగా ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికీ సరేనన్నారు. పెళ్ళి చూడకుండానే గాంధీ హత్యకు గురయ్యారు. 1948 మార్చి 13న సేవాగ్రాంలోనే ఆ పెళ్ళి జరిగింది.

గోరా 1975 జూలై 26న కన్నుమూశారు. దేవుడికి రుజువు అడిగేవాళ్ళం చాలామందిమి ఉన్నాం. కులానికి రుజువేదని ఎంతమందిమి అడిగాం? అడిగి, ఎవరింట్లో అన్నం తిన్నాం?