కార్మిక శాఖలో అంబేద్కరు

అమీరుపేట నుండి ఎర్రగడ్డకు పోవు బాటలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిని ఎరుగనివారు అరుదు. 2017లో మెట్రో రైలు వచ్చినప్పుడు అచటి స్టేషనుకు కూడ ఆ పేరే పెట్టిరి. సనత్‌నగరు కర్మాగారములలో పనిచేసిన కార్మికుల కుటుంబములు జ్వరమునకును, ప్రసవమునకును, విరిగిన ఎముకకును అచటికే పోవుట అలవాటు. ఆ మూడక్షరములకు కార్మిక రాజ్య బీమా యని అర్థమని పలువురు ఎరుగుదురు. ఆ ఏర్పాటునకు పునాది పడిన దినములలో ఢిల్లీలో కార్మిక శాఖను నడిపినవాడు డాక్టరు భీమరావు అంబేద్కరని ఎరిగినవారు మాత్రము తక్కువ. పాఠ్యపుస్తకములు ఆయనను రాజ్యాంగ నిర్మాతగా చూపి ఊరకుండును. 1942 నుండి 1946 వరకు గడచిన నాలుగేండ్లు ఆ వెలుగులో మరుగుపడినవి.

అంబేద్కరు 1891 ఏప్రిల్ 14న మౌ సైనిక పట్టణమున జన్మించెను. తండ్రి రామ్‌జీ సక్పాలు సైన్యమున సుబేదారు. బడిలో ఆ బాలుడు పడిన అవమానములను విద్యార్థులు చదివియే యున్నారు గనుక ఇచట మరల చెప్పను. బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనముతో 1913లో అమెరికాకు పోయి కొలంబియా విశ్వవిద్యాలయమునను, పిమ్మట లండనులోను ఆయన అర్థశాస్త్రము నభ్యసించెను. ఆయన న్యాయవాది కాకముందే అర్థశాస్త్రజ్ఞుడు. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

అంత చదువు చదివియు ఆయన పెక్కేండ్లు బొంబాయి పరేలులో మిల్లు కూలీలుండు ఇరుకు గదుల భవనముననే కాపురముండెను. భార్య రమాబాయికి కలిగిన ఐదుగురు బిడ్డలలో నలుగురు పసితనముననే పోయిరి, బ్రతికినవాడు యశ్వంతుడొక్కడే. చివరి బిడ్డడు రాజరత్నము 1926లో మరణించెను. రమాబాయి చాలకాలము జబ్బుపడి 1935 మే 27న కన్నుమూసెను. పేదయింటికి రోగము వచ్చినచో ఏమగునో ఆయన పుస్తకములలో చదివి తెలిసికొనలేదు.

1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి సహాయపు బిల్లు చర్చకు వచ్చెను. మిల్లులో పనిచేయు స్త్రీకి ప్రసవమునకు ముందును వెనుకను కొంతకాలము విశ్రాంతియు, ఆ దినములకు కొంత సొమ్మును ఇప్పింపవలెనని దాని ఉద్దేశము. ఖర్చంతయు యజమాని పైననే మోపబడెను. అంబేద్కరు బిల్లును బలపరచెను. అయినను ఆ భారములో పెద్దపాలు ప్రభుత్వము వహించుటయే న్యాయమని వాదించెను. ఇందులో లోతైన లెక్క యున్నది. ఖర్చు యజమాని యొక్కడే భరింపవలసివచ్చినచో అతడు స్త్రీలను పనిలో చేర్చుకొనుటకే వెనుదీయును. మేలు చేయబోయిన చట్టమే పని పోగొట్టును. అందరు యజమానులును, అందరు కార్మికులును ఒక ఉమ్మడి నిధికి చెల్లించి, ఆ నిధి నుండి సహాయము చేసినచో, ఏ యజమానికిని గర్భిణిని గాని రోగిని గాని తొలగించుటవలన లాభముండదు. ఆరోగ్య బీమా యొక్క కీలకమంతయు ఇదియే.

1942 జూలైలో ఆయన వైస్రాయి కార్యవర్గమున కార్మిక సభ్యుడయ్యెను. జర్మనీలో బిస్మార్కు 1883లోనే కార్మికులకు రోగ బీమా పెట్టెను. ఇంగ్లండులో 1911లో వచ్చెను. మన దేశమున విట్లీ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషను 1931లోనే ఈ ప్రసక్తి తెచ్చినను, ఖర్చుకు జంకి, లెక్కలు లేవని చెప్పి, పదేండ్లకు పైగా ఆ మాటను వాయిదా వేయుచు వచ్చిరి. 1943 మార్చిలో కార్మిక శాఖ బి.పి. అదార్కరు అను అర్థశాస్త్ర ఆచార్యుని ఆ పనికి నియమించెను. ఆయన 1944 ఆగస్టులో నివేదిక సమర్పించెను. బట్టల మిల్లులు, యంత్ర పరిశ్రమలు, లోహ పరిశ్రమలు అను మూడింటితో ప్రారంభింపవలెననియు, బీమా నిర్బంధముగా నుండవలెననియు అందు సూచించెను. అంతర్జాతీయ కార్మిక సంస్థ నుండి వచ్చిన స్టాకు, రావు అను నిపుణులు దానిని మరింత విస్తరింపజేసిరి.

ఈ నాలుగేండ్లలో ఆయన చేసినదంతయు మెచ్చదగినదని చెప్పజాలము. యుద్ధకాలమున బొగ్గు కొరత వచ్చినప్పుడు, స్త్రీలను గనుల లోపల పనికి దింపరాదను నిషేధమును 1943లో ప్రభుత్వము ఎత్తివేయగా, శాసనసభలో దానిని సమర్థింపవలసిన పని ఆయనపైననే పడెను. స్త్రీలకు పురుషులతో సమానమైన కూలి ఇప్పించుచున్నామని ఆయన సమాధానము చెప్పెను. నిషేధము 1946లో మరల వచ్చినను ఆ మచ్చ మచ్చయే. ఆ యేడే కర్మాగారములలో వారపు పనివేళలు 54 గంటల నుండి 48కి తగ్గినవి.

బీమా బిల్లును సభలో ప్రవేశపెట్టు భాగ్యము ఆయనకు దక్కలేదు. 1946 మధ్యలోనే పదవి వీడెను. నవంబరులో బిల్లు వచ్చునాటికి కార్మిక శాఖ జగ్జీవన్ రామునిది. 1948 ఏప్రిల్ 19న అది చట్టమయ్యెను. అప్పటికి అంబేద్కరు న్యాయశాఖ మంత్రి. మధుమేహముతోను, కాళ్లనొప్పులతోను కృశించిన ఆయన, ఆ చట్టము వచ్చుటకు నాలుగు దినముల ముందే డాక్టరు శారదా కబీరును వివాహమాడెను. హైదరాబాదు ఆనాటికింకను నిజాము ఏలుబడిలోనే యుండెను.

నెలకు 400 రూపాయల లోపు జీతగాండ్రకు ఆ చట్టము వర్తించెను. రోజుకు రూపాయి కంటె తక్కువ సంపాదించువాడు తన వంతు చందా కట్టనక్కరలేదు. యజమాని వంతు మాత్రము చెల్లవలెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ దీనిని ప్రారంభించెను. ఢిల్లీలోను అదే దినమున మొదలయ్యెను. రెండు చోట్లను కలిపి కార్మికులు లక్షా ఇరువది వేలు. అంబేద్కరు అప్పటికి మంత్రి పదవికి రాజీనామా ఇచ్చి, లోకసభ ఎన్నికలోను ఓడి యుండెను. మరుసటి యేడు జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు నిచ్చెను.

తొలినాళ్లలో చికిత్స కార్మికునికే గాని ఆలుబిడ్డలకు లేదు. అంబేద్కరు ఇంట పోయినవారో, ఆలుబిడ్డలే. కుటుంబములకు వైద్యము 1958లో గాని రాలేదు. అంబేద్కరు 1956 డిసెంబరు 6న మరణించెను.

కర్మాగారము గేటు బయట నున్నవారి మాట వేరు. 1947లో రాజ్యాంగ సభకై వ్రాసిన రాష్ట్రములు, అల్పసంఖ్యాకులు అను పత్రములో ఆయన బీమాను ప్రభుత్వ గుత్తగా చేసి, వయోజనులందరును జీవిత బీమా చేసికొనునట్లు నిర్బంధింపవలెనని కోరెను. రాజ్యాంగములో దానికి చోటు దొరకలేదు. పొలము కూలికిని, తాపీ పనివానికిని హాజరు పట్టీ లేదు, చందా విరిచి కట్టు యజమాని లేడు. 2007 ఏప్రిల్ 1న మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ వారికొక తలుపు తెరచెను. చందా లేదు, ఖర్చు ప్రభుత్వ ఖజానాది. బిడ్డ గుండెకు ఆపరేషను చేయించుటకు ఎకరము అమ్మవలసిన గతి పెక్కు కుటుంబములకు తప్పెను. కాని అది జాబితాలోని చికిత్సలకు వైద్యశాలకు సొమ్ము చెల్లించు ఏర్పాటు. మొదలైన నాడు మంచమెక్కినవాని కూలి నష్టమునకు అందు చోటు లేదు.

ఎర్రగడ్డలో ఈ తేడాను కంటితో చూడవచ్చును. ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి సమీపముననే, నవాబు ఫక్రుల్ముల్కు కట్టించిన ఇర్రంనుమా ఆవరణలో ఛాతీ ఆసుపత్రి వెలసెను. క్షయ సోకిన కర్మాగార కార్మికునికి బీమా నిబంధనల ప్రకారము వైద్యముతోబాటు జీతములో 80 శాతము రెండేండ్ల వరకు అందగలదు. అదే క్షయ సోకిన తాపీ మేస్త్రికి మందులు ఉచితమే; పోషకాహారమునకై 2018 నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు.