డాక్టర్ ఎడ్వర్డ్ లారీ

శస్త్రచికిత్స అనే మాట వినగానే నేడు మనకు మత్తుమందు స్ఫురిస్తుంది. పూర్వం అటువంటి సదుపాయం లేదు. శస్త్రకర్మకు ముందు రోగికి భోజనం పెట్టి, మద్యం త్రాగించవలెనని సుశ్రుతుడు విధించాడు. బాధను మరపింపజేసే నమ్మదగిన మందు కోసం మానవజాతి ఆ తరువాత ఎన్నో శతాబ్దాలు ఎదురుచూడవలసి వచ్చింది. తాటిచెట్టు మీదినుండి పడి తొడ ఎముక విరిగినవాడు గాని, యుద్ధంలో కాలు నుజ్జయినవాడు గాని, నలుగురు బలవంతులు అదిమిపట్టుకొనగా మెలకువతోనే కోత కోయించుకొనేవాడు. 1846లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథరు, 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ చేతిలో క్లోరోఫాం రంగప్రవేశం చేయడంతో ఈ దుఃస్థితి మారింది. 1853లో విక్టోరియా రాణి ప్రసవ సమయంలో క్లోరోఫాం పీల్చింది. దానితో ఆ మందు ప్రతిష్ఠ ఇనుమడించింది.

అయితే ఆ మందులోనే మృత్యువు కూడా పొంచి ఉంది. 1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదునైదేండ్ల బాలిక కాలి గోరు తీయించుకొనడానికి క్లోరోఫాం పీల్చి, నిమిషాలలో ప్రాణాలు విడిచింది. తరువాత అటువంటి మరణాలు ఎన్నో సంభవించాయి. ముందు ఆగుతున్నది గుండెయా, ఊపిరియా అనే విషయం మీద వైద్యలోకం రెండుగా చీలిపోయింది. ఇది కేవలం పండితుల వాదం కాదు. గుండె అయితే వైద్యుడు రోగి నాడి పట్టుకొని కూర్చోవాలి. ఊపిరి అయితే అతని రొమ్ము మీద, నోటి మీద చూపు నిలపాలి. చూపు నిలపవలసిన చోటు తప్పితే బల్లమీది మనిషి తిరిగి లేవడు. ఈ చిక్కును విప్పడానికి జరిగిన మహాప్రయత్నానికి మన హైదరాబాదు వేదిక అయింది. అందుకు కారకుడు ఎడ్వర్డ్ లారీ.

లారీ ఎడిన్‌బరోలో ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ శిష్యుడు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడిని పట్టించుకొనక శ్వాసను మాత్రమే గమనించవలెనని సైమ్ బోధించేవాడు. ఆ బోధ లారీకి గురుమంత్రమైంది. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, లాహోరు మొదలైన చోట్ల పనిచేసి, 1885లో హైదరాబాదు బ్రిటిష్ రెసిడెన్సీకి శస్త్రవైద్యుడుగా వచ్చాడు. 1846లో స్థాపితమైన హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతి అయ్యాడు. మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆ పాఠశాలకు ప్రయోగశాల వంటిది. లారీ దొర చేసిన మంచిపనులలో ఒకటి ఇక్కడ చెప్పుకొనదగినది. 1885లోనే ఆయన ఆ పాఠశాలలో స్త్రీలకు ప్రవేశం కల్పించాడు. అలా చేరినవారిలో రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ యువతి ఒకరు. ఆమె సంగతి మళ్లీ వస్తుంది.

1888లో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ సహాయంతో లారీ మొదటి క్లోరోఫాం సంఘాన్ని ఏర్పాటు చేయించాడు. కుక్కల మీద ప్రయోగాలు జరిపి, ప్రతిసారీ గుండె కంటే ముందు ఊపిరే ఆగినదని ఆ సంఘం తేల్చింది. లండను నుండి వెలువడే లాన్సెట్ పత్రిక ఈ ఫలితాన్ని నమ్మలేదు. మరొకరైతే అలిగి ఊరకుండేవారు. లారీ అలా చేయలేదు. లాన్సెట్ తనకు నచ్చిన పరీక్షకుని పంపవచ్చునని, వ్యయం నిజాం భరిస్తాడని కబురు పంపాడు. అందుకు నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చింది. అపరిచిత దేశపు ప్రభువు ఒకడు, తన దర్బారుకు పేరుప్రతిష్ఠలు తెచ్చే భవనానికి కాక ఒక శాస్త్రసందేహం తీరడానికి అంత సొమ్ము వెచ్చించడం ఆ కాలపు లండను వారికి వింత గొలిపింది.

లాన్సెట్ ఎన్నుకొన్న పరీక్షకుడు డాక్టర్ లాడర్ బ్రంటన్. ఔషధశాస్త్రంలో ఉద్దండుడు, పైగా క్లోరోఫాం గుండెకు ప్రమాదకరమని నమ్మిన ప్రతిపక్షి. 1889 శరత్కాలంలో ఆయన హైదరాబాదు చేరాడు. లారీ అధ్యక్షతన బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ సభ్యులుగా రెండవ సంఘం పని ప్రారంభించింది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు కలిసి 490 జంతువులపై పరీక్షలు జరిగాయి. వాటిలో 120 పరీక్షలలో రక్తపీడనాన్ని కొలిచే యంత్రం వాడి, ఆ గీతలను ఛాయాచిత్రాలుగా భద్రపరచారు. ఆ మూగజీవాల బలిని తలచుకొంటే నేటి పాఠకుని మనస్సు నొచ్చుకొనక మానదు. చివరకు ప్రతిపక్షిగా వచ్చిన బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొని, అపాయం ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్ల కలుగుతున్నదే కాని, నేరుగా గుండె వల్ల కాదని లండనుకు తంతి పంపాడు.

సంఘం చేసిన సిఫారసులు ఎంతో ఆచరణయోగ్యమైనవి. రోగిని వెల్లకిల పడుకోబెట్టాలి. మెడ, రొమ్ము, పొట్ట మీద బిగువైన వస్త్రం ఉండరాదు. అడుగు విశాలంగా ఉన్న గరాటు వంటి టోపీలో మందు వేసి, గాలి ఆడేటట్లు పీల్చనివ్వాలి. కంటిపాపను వ్రేలితో తాకినా రెప్ప కదలకపోతే మందు ఆపాలి. ఊపిరికి ఆటంకం కలిగితే దవడ మూలలను వెనుకనుండి ముందుకు నెట్టి, క్రింది పండ్లు పై పండ్లను దాటి వచ్చేటట్లు చేయాలి. అప్పటికీ ఊపిరి సాగకపోతే వెంటనే కృత్రిమ శ్వాస కల్పించాలి. దవడను నెట్టే ఈ ఉపాయాన్ని లారీ కనిపెట్టలేదు. యూరపులో అంతకు ముందే ఉంది. కాని మందు ఇచ్చే ప్రతివాడికీ దానిని నియమంగా నేర్పినవారిలో ఆయన ప్రముఖుడు. నేడు రహదారి ప్రమాదంలో స్పృహ తప్పినవానికి ఊపిరి దారి తెరవడానికి 108 వాహన సిబ్బంది చేసే పని ఇదే.

ఇంతటితో కథ ముగిసి ఉంటే లారీకి పూర్ణవిజయం దక్కేది. కాని ఆయన పక్షం పూర్తిగా నిలువలేదు. 1911 ప్రాంతంలో గుడ్‌మన్ లెవీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, క్లోరోఫాం కొద్దిగా మాత్రమే ఇచ్చిన పిల్లులలో గుండె గదులు లయ తప్పి అదిరిపోయి హఠాత్తుగా ఆగిపోవడం నిరూపించాడు. గుండె ముందుగా ఆగే మరణాలు కూడా నిజమేనన్న మాట. మోతాదు మించినప్పుడు శ్వాస ముందు పోతుందన్న లారీ పరిశీలన సరియైనదే. గుండెకు భయమే లేదన్న నిశ్చయం మాత్రం అతిశయం. తన మాటకు పొసగని దానిని అంగీకరించడం ఆయన స్వభావంలో లేదు. మలేరియా పరాన్నజీవి ఉన్నదన్న మాటను కూడా ఆయన నమ్మలేదు. పొరుగునే ఉన్న సికింద్రాబాదు దండులో సైనిక వైద్యుడుగా ఉన్న రోనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో దోమ కడుపులో ఆ జీవిని చూశాడు. గురువు మాటను వదలని పట్టుదల లారీని హైదరాబాదులో అంతటి పరిశోధనకు పురికొల్పింది. ఆ పట్టుదలే క్రొత్త సత్యానికి ఆయన కన్నులు మూసింది.

లారీ 1901 వరకు హైదరాబాదులో ఉన్నాడు. ఆ సంవత్సరమే క్లోరోఫాం వాడుకను గురించి ఒక గ్రంథం వెలువరించాడు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ధ్వంసం చేసింది. దాని స్థానంలో తరువాత ఉస్మానియా ఆసుపత్రి లేచింది. 1889లో చదువు ముగించిన రూపాబాయి మత్తుమందు ఇచ్చే విద్యనే తన వృత్తిగా స్వీకరించింది. ప్రపంచంలో ఆ విద్యలో తొలి మహిళలలో ఆమెను లెక్కిస్తారు. 1909లో పైచదువుకై ఆమె ఎడిన్‌బరో వెళ్లింది. లారీ తన గురువు వద్ద శ్వాసపాఠం నేర్చుకొన్న నగరం అదే.