రేడియో వాద్యబృందాన్ని నడిపిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి

వీణ సాధారణంగా ఒక్కరు కూర్చుని వాయించే వాద్యం. అటువంటి వీణను చేతబట్టిన తెలుగువాడు ఢిల్లీ ఆకాశవాణిలో దేశం నలుమూలల వాద్యకారులను ఒక్కచోట చేర్చి నడిపించారు. ఆయనే ఈమని శంకరశాస్త్రి.

1922 సెప్టెంబరు 23న గోదావరి సీమలోని ద్రాక్షారామంలో జన్మించారు. తండ్రి అచ్యుతరామశాస్త్రి పేరెన్నికగన్న వైణికులు. వీణ ఆయనకు ఇంటి విద్య. ఆ తర్వాత మద్రాసు వెళ్లి జెమినీ స్టూడియోలో సంగీత విభాగంలో పనిచేశారు. సినిమా పాటకు పది రకాల వాద్యాలు కలిసి మోగాలి. ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసుకోవాలి. అక్కడి అనుభవమే తర్వాత అక్కరకు వచ్చిందనవచ్చు. 1959లో మద్రాసు ఆకాశవాణిలో చేరి, అటుపై ఢిల్లీ వెళ్లారు.

ఆకాశవాణి జాతీయ వాద్యబృందం 1952లో ఢిల్లీలో ఏర్పడింది. సితార్ విద్వాంసుడు రవిశంకర్, వయొలిన్ విద్వాంసుడు టి.కె. జయరామయ్యర్ దానికి తొలి నిర్వాహకులు. తర్వాత వేణువు పన్నాలాల్ ఘోష్ కూడా నడిపారు. ఆ బాధ్యతే శాస్త్రిగారికీ దక్కింది.

అది తేలిక పని కాదు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చిందు భాగవతం చూసినవారికి తెలుసు, మద్దెల, తాళాలు, హార్మోనియం అన్నీ పాడేవాడి వెంట పోతాయి. పాట పెరిగితే అవీ పెరుగుతాయి. ఢిల్లీ బృందంలో అట్లా కుదరదు. సితార్, సరోద్ వాయించే ఉత్తరాది వారు ఒకవైపు, వీణ, వయొలిన్ వాయించే దక్షిణాది వారు ఒకవైపు. కచేరీలో ఎవరికి వారే రాజు, మనసుకు తోచిన సంగతి వేస్తారు. ఇక్కడ రాసింది రాసినట్టు వాయించాలి. పాశ్చాత్య దేశాల పెద్ద వాద్యబృందాల్లో ఒక్కో వాద్యం ఒక్కో స్వరం పలికినా అందంగానే ఉంటుంది. మన రాగంలో పరాయి స్వరం ఒక్కటి పడితే రాగమే చెడుతుంది. గమకం పోయినా అంతే. వాద్యాలు ఎన్ని ఉన్నా రాగం చెడకూడదు, అదే అసలు చిక్కు.

గమకాన్ని గొంతు పలికినట్టు వీణపై పలికించడంలో శాస్త్రిగారిది అందెవేసిన చేయి. బృందం కోసం ‘ఆదర్శ శిఖరారోహణం’ వంటి రచనలు చేశారు. 1973లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1974లో పద్మశ్రీ లభించాయి.

పంచాయతీ రేడియో ముందు కూర్చున్న రైతుల్లో ఎక్కువమంది వ్యవసాయ కార్యక్రమం కాగానే లేచి వెళ్లినవారే. వాద్యగోష్ఠికి నిలిచినవారికి సైతం దాని వెనుక తెలుగువాడున్నట్టు తెలిసింది తక్కువే. శిష్యుడు చిట్టిబాబు పేరు మాత్రం ఇంటింటా వినిపించింది.

శంకరశాస్త్రి 1987 డిసెంబరు 23న కన్నుమూశారు.