ఐన్‌స్టీను కడపటి దినములు

అనంతపురమునకు చేరువనున్న బుక్కరాయసముద్రపు చెరువు విజయనగర రాజుల కాలమున, 14వ శతాబ్దమున నిర్మింపబడినది. వానలు కరవైన ఈ మెట్టసీమలో ఊరికి చెరువు ప్రాణము. చెరువునకు కట్ట ప్రాణము. ఒకప్పుడు పెనువాన కురిసి ఆ చెరువుకట్ట తెగగా, ఊరిని కాపాడుటకై ముసలమ్మ యను ఇల్లాలు తన ప్రాణమును బలియిచ్చెనని ఇప్పటికిని జనులు చెప్పుకొందురు. పేరు ముసలమ్మయే గాని, ఆమె ముసలిది కాదు, పడుచు కోడలు. కట్ట తెగుట ఒక్క గడియలో జరిగిన పనివలె చూచువారికి తోచును. కాని చెరువులను కనిపెట్టియుండు పెద్దలు అట్లనుకొనరు. అంతకు ఎన్నో నాళ్ల ముందే ఎక్కడనో మన్ను మెత్తబడి, కట్ట కొంచెముగా వెలుపలికి ఉబ్బియుండును. దానిని ఎవరును చూడకపోవుటవలననే చేటు వాటిల్లును.

మనుష్యుని కడుపులోను ఇట్టి కట్ట యొకటి కలదు. గుండెనుండి బయలుదేరి, వెన్నెముకకు ముందుగా క్రిందికి దిగు పెద్ద రక్తనాళమునకు బృహద్ధమని యని పేరు. కడుపు భాగమున దాని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. వయసు మళ్లిన కొందరిలో, అందును ముఖ్యముగా పురుషులలో, దాని గోడ సడలి, రక్తపు ఒత్తిడికి తాళజాలక బుడ్డవలె ఉబ్బును. వైద్యులు దీనిని అన్యూరిజమ్ అందురు. ఉబ్బు పెరుగుచున్నంత కాలము సాధారణముగా నొప్పి యుండదు, జ్వరము రాదు, ఆకలి మందగింపదు. ఒకనాడు అది పగులును. పగిలినవారిలో చాలమంది ఆసుపత్రి చేరకమునుపే మరణింతురు. 20వ శతాబ్దపు శాస్త్రజ్ఞులలో మేటియని పేరొందిన ఆల్బర్ట్ ఐన్‌స్టీను ఈ వ్యాధితోనే కన్నుమూసెను.

ఆయన 1879 మార్చి 14వ తేదీన జర్మనీ దేశమందలి ఉల్మ్ నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. పసితనమున తండ్రి ఒకనాడు దిక్సూచిని తెచ్చి చూపెను. ఎవరును తాకకయే ముల్లు ఒకే దిక్కునకు తిరుగుట చూచి ఆ బాలుడు నివ్వెరపోయెను. కంటికి కానరాని శక్తి యేదో వస్తువుల వెనుక దాగియున్నదన్న తలపు ఆనాడే ఆయన మనస్సున నాటుకొనెను. 1902లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున పేటెంటు కార్యాలయమున చిన్న ఉద్యోగమున కుదిరెను. పరుల యంత్రములపై వచ్చు దరఖాస్తులను పరిశీలించుట ఆయన పని. ఆ పని చేయుచునే, 1905వ సంవత్సరమున భౌతికశాస్త్రమును తలక్రిందులు చేసిన వ్యాసములను వ్రాసెను. 1915లో సాధారణ సాపేక్ష సిద్ధాంతమును పూర్తిచేసెను. నక్షత్రకాంతి సూర్యుని చెంత వంగునని ఆ సిద్ధాంతము చెప్పెను. 1919 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమున ఆంగ్ల ఖగోళజ్ఞులు దానిని కొలిచి నిజమని తేల్చిరి. నాటినుండి ఆయన పేరు ఎరుగని దేశము లేదు. 1921వ సంవత్సరపు నోబెల్ బహుమానమును ఆయనకు లభించెను.

ఇంతటి మేధావికి తన శరీరముపై అంత శ్రద్ధ లేకుండెను. పొగగొట్టము ఆయన చేతిని విడిచియుండుట అరుదు. వైద్యులు వలదన్నను ఆ అలవాటు ఆయనను విడువలేదు. బృహద్ధమని ఉబ్బుటకు కారణములలో పొగత్రాగుట అన్నిటికంటె పెద్దదని ఈనాటి వైద్యులు నిశ్చయముగా చెప్పుచున్నారు. చుట్టయైనను బీడీయైనను ఇందులో భేదము లేదు. ఐన్‌స్టీను కాలమున ఆ సంగతి ఇంత స్పష్టముగా తెలియదు.

1933లో హిట్లరు జర్మనీలో అధికారమునకు వచ్చెను. యూదుడైన ఐన్‌స్టీను స్వదేశమును విడిచి అమెరికాకు పోయి, ప్రిన్‌స్టన్ పట్టణమున స్థిరపడెను. అదే యేట రుడాల్ఫ్ నిస్సెన్ అను శస్త్రవైద్యుడును అదే కారణమున జర్మనీనుండి వెడలిపోయెను. ఆయన మొదట ఇస్తాంబూలుకును, పిదప అమెరికాకును చేరెను. ఒకే దేశము వెళ్లగొట్టిన వీరిద్దరును 1948 డిసెంబరులో బ్రూక్లిన్‌లోని ఒక ఆసుపత్రియందు రోగిగాను, వైద్యుడుగాను కలిసికొనిరి.

ఐన్‌స్టీనునకు అప్పటికి చాలకాలముగా కడుపునొప్పి వచ్చిపోవుచుండెను. నిస్సెన్ కడుపును కోసి చూడగా, బృహద్ధమనిపై గ్రేప్‌ఫ్రూట్ అను పండంత ఉబ్బు కనబడెను. అది మన అనంతపురపు తోటలలో కాయు చీనీకాయకంటె పెద్దది. ఆనాడు లోపలి ఉబ్బును నిశ్చయముగా ఎరుగుటకు కడుపు కోయుట తప్ప వేరు మార్గము లేనట్లే యుండెను. తెలిసిన పిమ్మట చేయగలిగినదియు స్వల్పమే. చెడిన నాళమును తీసివేసి, దాని స్థానమున వేరొకటి కుట్టు విద్య అప్పటికింకను రాలేదు. అందుచేత నిస్సెన్ ఆ ఉబ్బుచుట్టును సెల్లోఫేను కాగితమును చుట్టెను. మిఠాయిలకు చుట్టు ఆ పలుచని కాగితము ప్రాణము నిలుపునా యని మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. శరీరము ఆ పరాయి వస్తువునకు ఓర్వక దానిచుట్టును గట్టి నారవంటి మచ్చను పెంచుకొనును. చెరువుకట్టకు రాయి పేర్చినట్లు ఆ మచ్చ నాళపు గోడకు ఊతమగును. ఆ ఊతముతో ఐన్‌స్టీను ఆరేండ్లకు పైగా బ్రతికెను.

ఆ ఆరేండ్లును ఆయన ఊరక కూర్చుండలేదు. ప్రకృతిలోని శక్తులనన్నిటిని ఒక్క సూత్రమున ఇమిడ్చు గణితమునకై శ్రమించుచుండెను. 1952లో ఇజ్రాయెలు దేశాధ్యక్ష పదవి తనను వెదకుకొనిరాగా, తాను అందుకు తగనని వినయముతో నిరాకరించెను. అణ్వస్త్రముల ప్రమాదమును గూర్చి లోకమును హెచ్చరించుచుండెను. 1955 ఏప్రిల్ 11వ తేదీన, బెర్ట్రాండ్ రస్సెల్ సిద్ధపరచిన శాంతి ప్రకటనపై సంతకము చేసెను. ఆయన ప్రజలకొరకు చేసిన తుది పనులలో అది యొకటి.

రెండు దినములకు కడుపులో నొప్పి తీవ్రమయ్యెను. ఉబ్బు పగులనారంభించినది. 15వ తేదీన ఆయనను ప్రిన్‌స్టన్ ఆసుపత్రికి చేర్చిరి. ఈలోగా వైద్యము కొంత ముందుకు సాగియుండెను. 1951లో పారిసు నగరమున షార్ల్ డ్యూబో అను వైద్యుడు చెడిన భాగమును తొలగించి, మృతుని నాళమును అచట అతికియుండెను. న్యూయార్కునుండి వచ్చిన ఫ్రాంక్ గ్లెన్ అను శస్త్రవైద్యుడు శస్త్రచికిత్స చేయవచ్చునని సూచించెను. ఐన్‌స్టీను ఒప్పుకొనలేదు. కృత్రిమముగా ఆయువును పొడిగించుకొనుట తనకు రుచింపదనియు, తన వంతు పని ముగిసినదనియు నెమ్మదిగా తెలిపెను. వయసు 76 ఏండ్లు. అప్పటికే నాళము పగులుచున్నది. శస్త్రచికిత్స చేసినను బ్రతుకునన్న నమ్మకము తక్కువ. ఆయన నిర్ణయమును తప్పుపట్టుటకు మనకు తగదు.

మంచముపైననే కళ్లద్దములను, కాగితములను, తన లెక్కలను తెప్పించుకొనెను. 18వ తేదీ తెల్లవారకమునుపే, రాత్రి ఒంటిగంట దాటిన పిమ్మట, జర్మను భాషలో ఏవో కొన్ని మాటలు పలికి ప్రాణము విడిచెను. ప్రక్కనున్న నర్సుకు ఆ భాష రాదు. కావున ఆ తుది మాటలేవో లోకమునకు తెలియకపోయెను. నాడే ఆయన దేహమును దహనము చేసిరి. ఆయనకు సమాధి లేదు.

ఆయన మరణించిన మూడేండ్లకు, 1958లో, స్కాట్లాండులోని గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డ్ అను వైద్యుడును ఆయన తోడివారును కడుపు కోయకయే లోపల చూచు ఉపాయమును ప్రకటించిరి. ఇనుములోని పగుళ్లను శబ్దముతో కనిపెట్టు పరికరమును వారు రోగులకు వినియోగించిరి. మన చెవికి వినరాని అతిధ్వనిని లోనికి పంపగా, అది అవయవములను తాకి తిరిగివచ్చును. ఆ ప్రతిధ్వనినుండి తెరపై బొమ్మ యేర్పడును. నేడు మనము స్కానింగు అని పిలుచు పరీక్షలలో ఇది యొకటి. బృహద్ధమనిని ఈ విధముగా కొలుచుటకు పది పదిహేను నిమిషములు చాలును. సూది లేదు, నొప్పి లేదు.

ఐనను ఒక చిక్కు మిగిలెను. నొప్పి లేనివాడు ఆసుపత్రికి రాడు. అందుచేత పరీక్షయే అతని కడకు పోవలెనని ఇంగ్లండు వైద్యులు తలచిరి. సుమారు 67,800 మంది వృద్ధ పురుషులపై వారు జరిపిన పరిశీలన 2002లో వెలువడెను. పరీక్షకు పిలువబడినవారిలో ఈ వ్యాధివలని మరణములు నాలుగేండ్లలో నూటికి 42 వంతులు తగ్గినట్లు తేలెను. 2009నుండి ఆ దేశమున 65వ యేడు వచ్చు పురుషులందరిని ఈ పరీక్షకు పిలుచుట మొదలిడిరి. చేతితో మోసికొనిపోగల యంత్రములతో ఉద్యోగులు ఊరూర వైద్యశాలలకు పోవుదురు. వెడల్పు 3 సెంటీమీటర్లు దాటినవారిని మరల మరల పరీక్షింతురు, 5.5 దాటినవారిని శస్త్రవైద్యునికడకు పంపుదురు.

మన దేశమున వృద్ధులను ఈ పరీక్షకు పిలుచు జాతీయ పథకము లేదు. స్కానింగు యంత్రమును ఊరూర త్రిప్పుటయు ఇక్కడ తేలిక కాదు. గర్భస్థ శిశువు ఆడో మగో తెలిసికొని ఆడపిల్లలను వధించు దురాచారమును అరికట్టుటకై 1994లో ఒక చట్టము చేయబడినది. అది అవసరమైన చట్టమే. దాని నిబంధనలను అనుసరించి, ఎత్తుకొనిపోదగిన యంత్రమును ఇతర వైద్యసేవలను కూడ అందించు సంచార వైద్యశాలలో భాగముగానే ఊళ్లకు తీసికొనిపోవచ్చును. 2008లో మొదలైన 104 వాహనములు ఇట్టి సంచార వైద్యశాలలే. అనంతపురపు వేరుసెనగ పల్లెలకు ఆ బండి వచ్చు దినమున వృద్ధులు చెట్టునీడన వరుసగా కూర్చుండి, రక్తపు పోటును, చక్కెరను చూపించుకొని, మందులు తీసికొనిపోవుదురు. బృహద్ధమనిని కొలిపించుకొనదలచినవాడు బస్సెక్కి పట్టణమునకు పోవలెను.