గీత గీసిన డాక్టరమ్మ

రోడ్డు మధ్యలో కనిపించే తెల్ల గీత తారుతో పాటే పుట్టిందేమో అనిపిస్తుంది మనకి. కానీ కార్లొచ్చాక కూడా చాలా ఏళ్ల పాటు రోడ్ల మీద ఏ గీతా లేదు. ఎదురొచ్చే బండికి ఎంత సైడ్ ఇవ్వాలన్నది నడిపేవాడి మనసుని బట్టి, అంతకంటే ఎక్కువగా బండి సైజుని బట్టి ఉండేది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆ గీత కోసం ఏడేళ్లు పట్టుబట్టిన మనిషి ఇంజనీరూ కాదు, పోలీసూ కాదు. ఒక డాక్టరమ్మ. పేరు జూన్ మెకారల్. రోడ్ మార్కింగుల గురించి మన సివిల్ వాళ్లు చదువుతారు గానీ, ఈమె పేరు మాత్రం సిలబస్‌లో కనపడదు.

ఆమె 1867 జూన్ 30న న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. పుట్టింటి పేరు హిల్. ఆడపిల్ల డాక్టరవుతానంటే వింతగా చూసే రోజుల్లో షికాగో వెళ్లి వైద్యం చదువుకుంది. చదువు సంగతి ఎలా ఉన్నా, ఆమె జీవితాన్ని అసలు మలుపు తిప్పింది భర్త జబ్బు. జాన్ రాబర్ట్‌సన్‌ని పెళ్లి చేసుకుంది, ఆయనకి క్షయ వచ్చింది. అప్పటికి క్షయకి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టడానికి ఇంకా నలభై ఏళ్లుంది. పొడి గాలి, ఎండ ఉన్న చోటికి మనిషిని తీసుకెళ్లడం ఒక్కటే అప్పటి వైద్యం. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో శానిటోరియం పెట్టింది కూడా ఇలాంటి నమ్మకంతోనే. అలా 1904లో ఇద్దరూ దక్షిణ కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న ఇండియో అనే చిన్న ఊరు చేరారు.

ఇండియో అంటే ఒక రైల్వే స్టేషను, చుట్టూ ఇసుక, వేసవిలో మన రెంటచింతల ఎండలు. ఆమె వచ్చింది భర్తని చూసుకోవడానికి. కానీ ఊళ్లో డాక్టరొచ్చిందని తెలిశాక జనం ఊరుకుంటారా? సదరన్ పసిఫిక్ రైల్వే వాళ్లకి డాక్టరు కావాలి. చుట్టుపక్కల రిజర్వేషన్లలో ఉండే ఆదివాసీలకి డాక్టరు కావాలి. 1907 నుంచి దాదాపు పదేళ్లు ఆ ఎడారి మొత్తానికి నిలకడగా వైద్యం చేసింది ఈమె ఒక్కతే అని చెప్తారు. మొదట్లో గుర్రబ్బండి మీద తిరిగేది. ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే ఆ ఇంటి వంటగది బల్లే టేబులు. ఆదివాసీ పల్లెల్లో తట్టు ప్రబలినప్పుడు కూడా వెళ్లి వైద్యం చేసింది. నన్నడిగితే, రోడ్డు మీద గీత లేకపోయినా ఈ పదేళ్ల గురించి ఒక పుస్తకం రాయొచ్చు.

1914లో భర్త పోయాడు. రెండేళ్లకి ఇండియో రైల్వే స్టేషన్లో ఏజెంటుగా పనిచేసే ఫ్రాంక్ మెకారల్‌ని పెళ్లి చేసుకుంది. ప్రాక్టీసు తగ్గించుకుంది. అప్పటికి యాభై ఏళ్లు దగ్గర పడ్డాయి. ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఆ ఎడారి వాళ్లు తప్ప ఆమెని ఎవరూ గుర్తుపెట్టుకునేవాళ్లు కాదేమో.

1917 శరదృతువు. తన ఫోర్డ్ మోడల్ టీ కారులో ఇంటికి తిరిగొస్తోంది. ఎదురుగా ఒక ట్రక్కు, రోడ్డు మధ్యలో నుంచి వస్తోంది. దగ్గరికొచ్చే కొద్దీ పక్కకి జరుగుతుందేమో అని చూసింది. జరగలేదు. అమెరికాలో బండి కుడి పక్క నడుస్తుంది కాబట్టి ఆమెకి ఎడమన ట్రక్కు, కుడిన ఇసుక. ఇసుకనే ఎంచుకుంది. దెబ్బలేమీ తగల్లేదు. ట్రక్కువాడు వెళ్లిపోయాడు.

ఇలాంటిది మనలో ఎవరికైనా జరిగితే ఏం చేస్తాం? ఆ డ్రైవర్ని నాలుగు తిట్టి, ఇంటికొచ్చి ఇంకో నాలుగు తిట్టి మర్చిపోతాం. ఆమె మాత్రం ఆ డ్రైవర్ని వదిలేసి రోడ్డు గురించి ఆలోచించింది. ఎక్కడికక్కడ ఎవరికి వాళ్లు రోడ్డు మధ్య ఎక్కడుందో ఊహించుకుంటున్నారు. పెద్ద బండివాడి ఊహలో మధ్య ఎప్పుడూ కాస్త అవతలికి, అంటే చిన్న బండి వైపుకి ఉంటుంది. గొడవ అక్కడుంది.

కొన్నాళ్లకి ఆమెకి ఇంకో రోడ్డు మీద ఒక సంగతి కనిపించింది. ఎనిమిది అడుగుల పాత రోడ్డుని పదహారు అడుగులకి వెడల్పు చేశారు. పాతదీ కొత్తదీ కలిసిన చోట, సరిగ్గా నడిమధ్యలో, అతుకు తేలి కనిపిస్తోంది. దాన్ని ఎవరూ ట్రాఫిక్ కోసం పెట్టలేదు, పని సాఫీగా రాక మిగిలిపోయిన గుర్తు అది. అయినా ఆ రోడ్డు మీద బండ్లన్నీ అతుక్కి అటొకటి ఇటొకటిగా బుద్ధిగా పోతున్నాయి. చెప్పేవాళ్లు లేరు, బోర్డు లేదు, పోలీసు లేడు. కన్‌స్ట్రక్షన్ జాయింట్ ఎలా తగ్గించాలో మనం నేర్చుకుంటాం. దాన్నుంచి ఆమె ఇంకేదో నేర్చుకుంది.

జిల్లా పాలకమండలి దగ్గరికి వెళ్లింది. రోడ్డు మధ్యలో గీత గీయించమని అడిగింది. కుర్చీ వేశారు, మర్యాదగా విన్నారు, పంపించేశారు. వాణిజ్య మండలి వాళ్లూ అంతే. ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్లెవరికైనా ఈ మర్యాద బాగా తెలిసే ఉంటుంది. కాదని అనరు, పని జరగదు.

అప్పుడామె తెల్ల రంగు, కుంచె పట్టుకుని తన ఇంటి ముందు నుంచి పోయే హైవే మీదకి తానే వెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుని, నాలుగు అంగుళాల వెడల్పున గీత గీసుకుంటూ పోయింది. ఒక మైలుకి తక్కువ కాకుండా గీసింది. మైలంటే 1.6 కిలోమీటర్లు. మన హాస్టల్ గది వెడల్పంత గీత మోకాళ్ల మీద గీసి చూడండి, మైలంటే ఏంటో అర్థమవుతుంది. అధికారులకి చూపించడానికి అదే ఆమె నమూనా, ఆమె ప్రోటోటైప్. ఆ నాలుగు అంగుళాలు కూడా ఉజ్జాయింపుగా బాగానే కుదిరాయి. ఇవాళ్టి అమెరికా ప్రమాణాల్లో మామూలు గీత వెడల్పు నాలుగు నుంచి ఆరు అంగుళాలే.

నమూనా చూపించినంత మాత్రాన పని అయిపోలేదు. ఇండియో మహిళా సంఘాన్ని కదిలించింది. వాళ్ల ద్వారా మిగతా ఊళ్ల మహిళా సంఘాల్ని కదిలించింది. ఉత్తరాలు, తీర్మానాలు, అర్జీలు, మళ్లీ ఉత్తరాలు. ఈ భాగం గురించి సినిమా తియ్యలేం, తీసినా ఎవరూ చూడరు. కానీ గీత రాష్ట్రమంతటికీ వచ్చింది కుంచె వల్ల కాదు, ఈ ఉత్తరాల వల్లే అని నా అభిప్రాయం. 1924లో కాలిఫోర్నియా హైవే కమిషన్ ఒప్పుకుంది. కొద్దికాలంలోనే 3,500 మైళ్ల రోడ్డు మీద గీతలు పడ్డాయి. ఏడేళ్లు. ఒక బీటెక్ అయ్యి ఎంటెక్ మొదలెట్టేసి ఉండొచ్చు.

గీతని మొదట కనిపెట్టింది ఈమేనా అంటే కాదనే చెప్పాలి. ఇంటర్నెట్‌లో చాలా చోట్ల అలాగే రాస్తారు గానీ, మిచిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ హైన్స్ అనే రోడ్ల కమిషనర్ 1911లోనే గీత గీయించాడు. పాలబండి నుంచి కారిన పాల చార చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చిందని ఒక కథ కూడా ఉంది. ఆరెగాన్‌లో ఒక డిప్యూటీ షెరీఫ్ సరిగ్గా 1917లోనే పసుపు గీత కోసం పట్టుబట్టాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ముగ్గురూ అదే చోటికి వచ్చారు. దీనివల్ల డాక్టరమ్మ గొప్ప తగ్గుతుందని నేననుకోను. మిగతా ఇద్దరి చేతిలో ఎంతో కొంత అధికారం ఉంది. ఈమె చేతిలో ఉన్నది కుంచె ఒక్కటే.

ఇక మన సంగతి. మన దగ్గర ఎడమ పక్క నడవాలి కాబట్టి అన్నీ తిరగేసి చూసుకోవాలి. నాలుగు లేన్ల హైవేలో ఎడమ లేను నడవడానికి, కుడి లేను దాటడానికి. దాటగానే మళ్లీ ఎడమకి వచ్చెయ్యాలి. విజయవాడ హైవే మీద ఒక్కసారి వెళ్లినా చాలు, ఇది ఎంతవరకు జరుగుతుందో తెలుస్తుంది. లోడు లారీ కుడి లేనులో నింపాదిగా పోతుంటుంది, వెనక కారువాడు డిప్పర్ కొట్టీ కొట్టీ విసిగిపోయి ఎడమ నుంచి దూరతాడు. లారీవాడిది ఒట్టి పొగరు అనుకుంటాం. సగం నిజం. ఎడమ లేనులో ఆగిన లారీలు, ఆటోలు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు ఉంటాయి. లోడు బండికి మాటిమాటికీ బ్రేకు వెయ్యడం కష్టం, అందుకని ఖాళీగా ఉన్న లేను పట్టుకుంటాడు. మరి ఎదురొచ్చే ఆ బైకులెవరివి? చాలావరకు మన వయసు వాళ్లవే. యూటర్న్ దూరమని.

158 కిలోమీటర్ల హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద ఏ లేనులో ఎంత స్పీడో కూడా నిర్ణయించారు. గీతలు థర్మోప్లాస్టిక్ పెయింటువి, అందులో గాజు పూసలు కలుపుతారు కాబట్టి రాత్రిపూట హెడ్‌లైటు పడగానే మెరుస్తాయి. డాక్టరమ్మ రంగుకి ఆ భాగ్యం లేదు. అయినా రెండు లేన్ల మధ్య గీతని సరిగ్గా కారు కడుపు కింద పెట్టుకుని పోయేవాళ్లని రోజూ చూస్తూనే ఉంటాం. పాత లారీ క్లీనర్లు నయం. ముందు రోడ్డు ఖాళీ అయితే కిటికీలోంచి చెయ్యి ఊపి దాటమని చెప్పేవాళ్లు, గీత ఉన్నా లేకపోయినా.

జూన్ మెకారల్ 1954లో, 86 ఏళ్ల వయసులో, ఇండియోలోనే కన్నుమూసింది. ఆమె గీత గీసిన రోడ్డుని ఇప్పుడు ఇండియో బులెవార్డ్ అంటారు. 2002లో ఆ ఊరి పక్క నుంచి పోయే ఇంటర్‌స్టేట్ 10లో కొంత భాగానికి కాలిఫోర్నియా ప్రభుత్వం ఆమె పేరు పెట్టింది. అక్కడి బోర్డు మీద ఆమె పేరు ముందు డాక్టర్ అని కూడా రాశారు.