బ్లాండీ హాస్లర్ - ఆయన పడవ

ఈసారి నేను హాస్లర్ గారి జీవితం రాస్తున్నాను. ఆయన రాజు కాదు, మంత్రి కాదు. పడవల మనిషి.

అసలు పేరు హెర్బర్ట్ జార్జ్ హాస్లర్. 1914వ సంవత్సరం ఫిబ్రవరి 27న ఐర్లండ్ దేశంలోని డబ్లిన్ నగరంలో జన్మించాడు. జుట్టు బంగారు రంగులో ఉండేదని అందరూ బ్లాండీ అని పిలిచేవారు. వాళ్ళ నాన్న సైన్యంలో పనిచేసేవాడు. 1917లో ఆయన ఎక్కిన ఓడని శత్రువులు పేల్చేశారు. ఆయన నీళ్ళలో మునిగి చనిపోయాడు. అప్పటికి హాస్లర్ కి మూడేళ్ళు. అలాంటి ఇంట్లో పిల్లోణ్ణి నీళ్ళ దగ్గరికి పోనివ్వరు అనుకుంటాం. కానీ 12 ఏళ్ళకే ఆయన కేన్వాసు గుడ్డతో సొంతంగా చిన్న పడవ చేసుకున్నాడు! తర్వాత వెల్లింగ్టన్ కాలేజీలో చదివాడు. పేరుకి కాలేజీ గానీ అది బడే. చనిపోయిన సైనికాధికారుల పిల్లల కోసం పెట్టిన బడి. 1932లో రాయల్ మెరైన్స్ అనే బ్రిటన్ దళంలో చేరాడు.

రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942 డిసెంబరు 7 రాత్రి, ఆయనతో కలిపి పది మంది ఐదు చిన్న పడవల్లో ఫ్రాన్సులోని బోర్డో రేవుకి బయలుదేరారు. జలాంతర్గామి వాళ్ళని సముద్రంలో దింపి వెళ్ళిపోయింది. రాత్రిళ్ళు తెడ్లు వేస్తూ, పగలు ఒడ్డున దాక్కుంటూ నది మీదుగా పోయారు. రెండు పడవలే రేవు చేరాయి. ఓడలకి బాంబులు అంటించి వచ్చారు. కానీ ఆ పది మందిలో ఇద్దరు చలినీళ్ళలో పోయారు. ఆరుగురిని జర్మన్లు పట్టుకుని చంపేశారు. హాస్లర్, ఇంకొకతను నడుచుకుంటూ తప్పించుకుని స్పెయిన్ మీదుగా ఇల్లు చేరారు. పుస్తకాల్లో దీన్ని వీరగాథ అంటారు. నాకు మాత్రం తిరిగిరాని ఆ ఎనిమిది మంది అమ్మలే గుర్తొస్తారు.

యుద్ధం అయ్యాక ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఒక్క మనిషే, ఎవరి సాయం లేకుండా, సముద్రం దాటాలి. మామూలు పడవలో రెండు మూడు తెరచాపలుంటాయి. గాలి పెరిగితే వాటిని దించడానికి ఊగే పడవ ముందుకి పాకాలి. ఒంటరి మనిషి జారి పడితే ఇక చూసేవాళ్ళు లేరు.

1953లో ఆయన జెస్టర్ అనే పడవ చేయించుకున్నాడు. పొడవు 25 అడుగులు. స్వీడన్ వైపు సముద్రాల్లో తిరిగే ఫోక్ బోట్ రకం పడవని కొంచెం మార్చి చేశారు. మొదట వేరే రకం తెరచాప పెట్టాడు. అది ఆయనకి తృప్తినివ్వలేదు. అప్పుడు చైనా వాళ్ళ జంక్ పడవల మీదికి చూపు పోయింది. వందల ఏళ్ళుగా వాళ్ళు వాడుతున్నదే, కొత్తది కాదు. ఆ తెరచాపకి అడ్డంగా వెదురు బద్దలు కడతారు. మన తడికె లాగే అనుకోండి. తాడు వదిలితే ఒక్కొక్క బద్ద కిందికి దిగి, తెరచాప మడతలు మడతలుగా కూర్చుంటుంది. ఎంత గాలికి ఎంత కావాలో అంతే ఉంచుకోవచ్చు. గుడ్డ ఒకచోట చిరిగినా ఆ చిరుగు బద్ద దగ్గర ఆగుతుంది. (పక్కన బొమ్మ వేశాను, చూడండి.)

హాస్లర్ జెస్టర్ కి అలాంటి తెరచాప ఒక్కటే పెట్టాడు. కొయ్యని పట్టి ఉంచే తీగలు కూడా లేవు. తాళ్ళన్నీ పడవ మధ్యలో ఉన్న గుండ్రని కంత దగ్గరికి తెచ్చాడు. అందులో నిలబడే అన్నీ లాగొచ్చు, బయటికి రానక్కర్లేదు. నిద్రపోయేటప్పుడు ఎలా అంటారా? గాలికి తిరిగే రెక్క ఒకటి కట్టాడు. అదే చుక్కాని పట్టుకున్నట్టు దారి చూసుకునేది.

1960లో ఇంగ్లండు నుంచి న్యూయార్క్ దాకా ఒంటరి పడవ పందెం జరిగింది. ఆ పందెం ఆలోచన కూడా ఆయనదే. ఐదుగురు వెళ్ళారు. చిచెస్టర్ అనే ఆయన 40 రోజుల్లో చేరి గెలిచాడు. హాస్లర్ 48 రోజుల్లో చేరి రెండోవాడయ్యాడు. చిచెస్టర్ పడవ దాదాపు 40 అడుగులు. పొడుగు పడవ వేగంగా పోతుంది కదా, అందుకని నాకైతే రెండో స్థానం చిన్నదనిపించదు.

1962లో నెస్ సరస్సులో పెద్ద జంతువుందంటే వెతకడానికి కూడా పోయాడు. దొరకలేదు. 1987 మే 5న చనిపోయాడు. చైనా తెరచాప ఎలా కట్టాలో స్నేహితునితో కలిసి రాసిన పుస్తకం 1988లో అచ్చయింది. అదే ఏడు జెస్టర్ కూడా సముద్రంలో పోయింది. అప్పుడు దాన్ని నడిపే ఆయన్ని ఓడ వాళ్ళు ఎక్కించుకున్నారు. 1992లో దాని లాంటిదే ఇంకో జెస్టర్ చేశారు. దానికీ అదే తెరచాప కట్టారు.